కందెనయు శుచిత్వమును

కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని మనవారి సామెత. అందలి పరిహాసమును గ్రహించుచున్నాము గాని, ఆ సంగీతములో నొక యుపకారము కూడ గలదని తలంపము. ఇరుసు ఎండిన యెద్దుబండి ఊరెల్ల వినునట్లు మొరపెట్టుకొనెడిది. యజమానుడెంత సోమరియైనను ఆ కూత భరింపలేక కందెన తెచ్చి వేసెడివాడు. నేటి యంత్రములలో ననేకములకు అట్టి గొంతుక లేదు.

బురదదారులలోను గుట్టలమీదను నడుపుటకై చేయబడిన డర్ట్ బైకులను చూడుడు. 1980 దశకారంభమునుండి వీనిలో ననేకములకు వెనుకవైపున ఒక్క షాక్ అబ్సార్బరే యుండి, చక్రమును మోయు స్వింగ్ ఆర్మ్‌తో దానిని చిన్న లోహపు లింకులు కలుపుచున్నవి. ఆ లింకుల కీళ్లలో, సూదులవలె సన్నని ఉక్కుకడ్డీలు గల బేరింగులుండును. బండి గాలిలోకెగసి నేలబడినపుడు ఆ యదటు వానిమీదుగనే పోవును. అవి యుండునది బండి యడుగున, బురదయు నీరును చేరుచోటనే. అవి అరిగినపుడు పైకేమియు కానరాదు. ఇంజను హోరులో ఏమియు వినరాదు. మలుపులలో వెనుకభాగము కొంచెము తూలును, నడుపువాడు దారిని నిందించును.

వింత యేమనగా, అవి చెడుటకు అశ్రద్ధ యొక్కటియే కారణము గాదు; మితిమీరిన పరిశుభ్రతయు నొక కారణమే. సవారి ముగిసినంతనే బండి మెరయవలెనని గొట్టముతో అధికపీడనమున నీరు కొట్టుదురు. ఆ నీరు రబ్బరు సీళ్లను దాటి లోనికి చొచ్చి కందెనను కడిగివేయును. సూదులు తుప్పుపట్టును. పైన అద్దమువలె మెరయు బండి లోలోపల నశించుచుండును. మడికట్టుకొని వంటయింటిని కాచుకొనుచు, నూతిచుట్టు నిలిచిన మురుగును చూడని ఆచారము నెరిగిన మనకు ఇది యేమంత క్రొత్త?

సరే, బేరింగులు మార్చవలసియే యున్నది. సొమ్మిచ్చి చేయించుకొనగలవాడు ఆ పనిని తన చేతులతో చేయనేల? ఎవరి పని వారిది యను సమాధానము వినుటకు ఇంపుగానే యున్నది. కాని ఆ మాట చాటున ఎన్ని తరములు కందెన మరకను కులపు తక్కువతనమునకు గుర్తుగా చూచితిమో తలచుకొన్నచో, అది యంత నిర్దోషమైన మాటగా తోచదు. ఆయుధపూజనాడు పనిముట్టునకు పసుపుకుంకుమలు పెట్టి మ్రొక్కితిమి. దానిని పట్టిన చేతిని మాత్రము గడపవెలుపల నిలిపితిమి. అమెరికాలో స్థిరపడిన మనవారి యిండ్లలో గరాజున్నది, రెంచులున్నవి, కొన్నియెడల పిల్లవానికి డర్ట్ బైకును గలదు. అయినను నేలపై చతికిలబడి ఆ బోల్టు విప్పుట కొందరు తండ్రులకు ఇంకను చిన్నతనమే.

స్వయముగా చేసిన ప్రతివాడును పుణ్యాత్ముడని నా వాదము గాదు. తెలియక సుత్తెతో మోది, బేరింగు కూర్చుండు రంధ్రమునే చెరిచినవాని స్వావలంబన మెవరికి కావలెను? చక్రము నేలను తాకకుండ బండిని నిలిపి, వెనుకచక్రమును చేతులతో మెల్లగా పైకెత్తినచో, షాక్ అబ్సార్బరు కదలకమునుపే కొంత వదులు తెలియును. అదే రోగలక్షణము. లింకును విప్పిన పిదప, పొడవైన మరబోల్టునకు తగిన సాకెట్లు తొడిగి, నట్టు త్రిప్పుచు పాత బేరింగును మెల్లగా వెడలదీయవచ్చును. క్రొత్తదానిని ముందుగా మంచుపెట్టెలో నుంచినచో ఇంచుక ముడుచుకొని, వెచ్చచేసిన లింకులో సులువుగా చొచ్చును. నిండుగా గ్రీజు పెట్టి, తయారుచేసినవారి పుస్తకములో చెప్పినంత బిగువుతోనే బోల్టులు బిగింపవలెను. కావలసినది ఓర్పు, వీరత్వము గాదు.

ఈ పనిలో సొమ్ము మిగులుట స్వల్పవిషయము. పాత బేరింగు ఊడినపుడు అరచేతిలో ఎర్రని తుప్పు రాలును చూడుడు, దానికొరకే యీ శ్రమ. నిపుణునికిచ్చినను బండి బాగుపడును. కాని ఆ తుప్పు మన కంటబడదు, మరుసటి ఆదివారము అదే గొట్టముతో అదే నీరు కొట్టుదుము. ఆ పని చేతగానివాడు, లేదా తీరికలేనివాడు, కనీసము పనివానిప్రక్కన నిలిచి చూడవచ్చును; అతనిని పేరుతో పిలిచి, తెలియని దడిగి నేర్చుకొనవచ్చును.

పాతబండిని అమ్మునపుడు ఈ ప్రశ్న మరింత కఠినమగును. కొనువాడు తరచుగా చిన్నవాడు, సొమ్ము తక్కువవాడు. మెరుపును చూచి నమ్మును. వదులున్నదని తెలిసియు చెప్పకుండుట అబద్ధము. తెలియునేమోయని భయపడి చక్రము ఎత్తి చూడకయే అమ్ముటను ఏమనవలెను? అదియు అబద్ధమే, కొంచెము తెలివైనది.

ఇక ఆడపిల్లల మాట. ఇటలీ దేశీయురాలు కియారా ఫొంటనేసీ 2012 మొదలు 2018 వరకు గల కాలములో ఆరు పర్యాయములు మహిళల ప్రపంచ మోటోక్రాస్ విజేతయైనది. కూతురు బండియెక్కుటకు సంతోషముగా నొప్పుకొను తండ్రియే, రెంచిని మాత్రము ఆమె తమ్మునికి అందించుచున్నాడు. ఆమె చేతులు మాసిపోవునని తల్లి బెంగ. ఆ మరకలు కొంచెము వంటనూనె రాచి, పిదప సబ్బుతో కడిగిన పోవును.