ఆగిపోయిన మీటరు, ఆగని నీరు

మన యింటి నీళ్ల మీటరు తనంతట తానే ఆగిపోయినదనుకొందము. మనము సీలు తెంపలేదు, ముల్లును ముట్టలేదు. నీరు మాత్రము వచ్చుచునే యున్నది. నీటి బోర్డువారు పాత నెలల సగటు చూచి బిల్లు వేయుచున్నారు. మనము గడువు లోపల కట్టుచున్నాము. ఇట్టి స్థితిలో ఊరకుండుట తప్పగునా? ఈ ప్రశ్న మనలో అనేకుల యిండ్లకు వచ్చునదే గనుక, దీనిని కొంచెము నిదానముగా ఆలోచింతము.

ఊరకుండువారు సాధారణముగా రెండు మాటలు చెప్పుదురు. మొదటిది, "మేము పాడుచేయలేదు గదా" అనునది. రెండవది, "గొట్టములో గాలి వచ్చినను మీటరు తిరుగును, ఆ డబ్బు మాకెవరు తిరిగి యిత్తురు?" అనునది. ఈ రెండవ మాటలో నిజము లేకపోలేదు. రోజు విడిచి రోజు నీరు వదలు ఊళ్లలో, నీటికి ముందు తోసికొని వచ్చు గాలి ముల్లును త్రిప్పుట కలదు. అయితే దానికి దారి, రీడింగులు వ్రాసిపెట్టి ఫిర్యాదు చేయుటయే. ఒక తప్పు కొలతకు మరియొక తప్పు కొలత మందు కాదు.

ఇక మొదటి మాట. అంగడిలో త్రాసు దానంతట అదే మన వైపు మొగ్గినదనుకొనుడి. మనము వంచలేదు గదాయని ఎక్కువ సరుకు సంచిలో వేసికొని వచ్చెదమా? పాడుచేసినది మనము కాకపోవచ్చును. తెలిసిన తరువాత దాచినది మాత్రము మనమే.

ఈ నష్టము బోర్డునకు మాత్రమే అనుకొనరాదు. బెంగళూరు సంగతి చూడుడి. కావేరి నీరు సుమారు 100 కిలోమీటర్ల దూరమునుండి, దాదాపు 500 మీటర్ల ఎత్తునకు పంపులతో ఎక్కించబడి అక్కడికి చేరును. ఆ పథకపు తొలి దశ 1974లో పూర్తియైనది. అయినను 2024 మార్చిలో, త్రాగునీటితో కార్లు కడిగినయెడల 5000 రూపాయల జరిమానా అని ప్రకటించవలసి వచ్చినది. చెన్నై పట్టణమునకు 2019 జూలైలో జోలార్‌పేట నుండి రైళ్లలో నీరు తెచ్చిరి. గొట్టము మొదట నున్నవారు లెక్కలేక వాడిన నీరు, గొట్టము చివర నున్న వీధికి అందదు. ఆ వీధివారు ట్యాంకరు కొందురు. కొనలేనివారు బిందెలతో నిలువబడుదురు. పనికై వలస వచ్చిన మన పెద్దలు ఒకనాడు వీధి కుళాయి యొద్ద అట్లే నిలిచినవారు గనుక, ఈ మాట మనకు ఎవరును వివరింప నక్కరలేదు.

మరియు మీటరు బోర్డు పక్షమున మాత్రమే సాక్షి కాదు, మన పక్షమునను సాక్షియే. నీరు వచ్చు వేళ సంపు నిండి బాల్‌కాక్ మూసికొనిన తరువాత, ముల్లును చూడవలెను. అప్పటికిని కదలుచున్నయెడల, భూమిలోని గొట్టమైనను కారుచున్నది, బాల్‌కాక్ అయినను సరిగా మూసికొనుట లేదు. ఫ్లష్ ట్యాంకులో కొంచెము రంగు కలిపి అరగంట ఊరకుండినచో, బేసినులో రంగు కనబడుట వలన లోపలి వాషరు పోయినదని తెలియును. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకొన్నను, క్షణమునకొక చుక్క కారు కుళాయి దినమునకు 4 లీటర్లకు పైగా, సంవత్సరమునకు 1500 లీటర్లకు పైగా పోగొట్టును. వాషరు ఖరీదు కొద్ది రూపాయలే.

కావున ప్రతి నెల ఒక నియమిత తేదీన రీడింగు వ్రాసికొందము. మీటరు పెట్టెలో మట్టి, నీరు నిలువకుండ చూచి, మూతపై పూలకుండీలు పెట్టకుందము. మోటారును నేరుగా బోర్డు గొట్టమునకు తగిలింపకుందము. అది పొరుగువారి నీటిని లాగుటయే గాక, పగిలిన చోట మురికినిగూడ లోపలికి లాగును. మీటరు ఆగినయెడల తేదీ వేసి ఫిర్యాదు వ్రాసి, రసీదు దాచుకొందము. సీలును మాత్రము మనమే విప్పరాదు.

మీటరు నడచుచున్నప్పుడు పొదుపుగా నుండుట బిల్లు భయము కావచ్చును. అది ఆగినప్పుడును అట్లే యుండుట మన స్వభావము. మన పిల్లలు మన యొద్ద నేర్చుకొనునది ఈ రెండవదానినే.