పాతబడిందా, మోజు తీరిందా?

పోయిన దీపావళికి బీరువా సర్ది, మా ఇంట్లో పనిచేసే అక్కకి ఓ సంచీడు డ్రెస్సులు ఇచ్చాను. "పెట్టుకోడానికి చోటు లేదమ్మా" అంది. దానం చేస్తున్నానా, బరువు దించుకుంటున్నానా?

గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు ఆత్మ దేహాన్ని మార్చడాన్ని బట్టలు మార్చడంతో పోల్చాడు. గమనించండి, ఆయన చెప్పింది జీర్ణమైన బట్టల గురించి. మనం వదిలేసేవి మాత్రం బోర్ కొట్టినవి!

విదేశాలవాళ్లు వదిలేసిన బట్టలు ఎన్నో హర్యానాలోని పానిపట్ చేరతాయి. అక్కడ గుండీలు, జిప్పులు తీసి, రంగులవారీగా వేరుచేసి, చింపి, మళ్లీ దారం వడికి దుప్పట్లు నేస్తారు. మంచి పనే. కానీ చింపినకొద్దీ పోగు పొట్టిదై బలం తగ్గుతుంది. ఆ దుమ్ము పీల్చేది కార్మికులే.

అప్‌సైక్లింగ్‌లో బట్టని బట్టగానే ఉంచి కొత్త రూపమిస్తారు. అమ్మ పట్టుచీర లంగాఓణీ అవుతుంది, నాన్నమ్మ నేతచీరలు బొంత అవుతాయి. నేసినవాళ్ల కష్టం వృథా కాదు. అలాగని "సస్టెయినబుల్" అని రాసుంది కదా అని ఇంకో పది కొంటే? అదీ మోజే.

ఈసారి కొనేముందు బీరువా తెరిచి ఒక్కసారి అడుగుదాం: జీర్ణమైంది బట్టా, నా మనసా?

జై శ్రీకృష్ణ.