కొడుకు పెళ్లికి తండ్రి జవాబు

1747లో పెన్సిల్వేనియాలోని ఎక్సెటర్ పల్లెలో ఇజ్రాయెల్ బూన్ అనే యువకుడు తమ మతశాఖకు చెందని అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. మరుసటి ఏడు ఆ పెళ్లికి జవాబు చెప్పాల్సి వచ్చింది అతని తండ్రి.

తండ్రి పేరు స్క్వయర్ బూన్. మగ్గం నేసేవాడు, కొలిమి పెట్టేవాడు, పొలం దున్నేవాడు. 1696లో ఇంగ్లండులోని డెవన్‌లో పుట్టి, కుర్రతనంలోనే అన్నతోనూ అక్కతోనూ కలిసి సముద్రం దాటాడు. తల్లిదండ్రులు మిగతా పిల్లల్ని వెంటబెట్టుకుని 1717లో వచ్చారు. ఇంటిల్లిపాదీ క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు. 1720లో స్క్వయర్, వేల్స్ మూలాలున్న సారా మోర్గన్‌ను పెళ్లాడాడు. వాళ్లకు పదకొండు మంది పిల్లలు. అందులో ఆరోవాడు, 1734లో దుంగల ఇంట్లో పుట్టిన డేనియల్, తర్వాత కెంటకీకి దారి వేసి దేశమంతా పేరు మోశాడు. ఇక్కడ అసలు కథ మాత్రం అతని తండ్రిదే.

అప్పట్లో క్వేకర్లకు పురోహితుడు లేడు. ప్రతి మనిషిలోనూ దైవకాంతి ఉందని వాళ్ల నమ్మకం. వధూవరులు సభలో నిలబడి, చేయీ చేయీ పట్టుకుని తామే మాట ఇచ్చుకుంటారు. వచ్చినవాళ్లంతా సాక్షులుగా సంతకాలు చేస్తారు. ఆ రోజుల్లో అంతకుముందే నెలసభలో తమ ఉద్దేశం చెప్పాలి, పెద్దలు విచారించాలి, తల్లిదండ్రులు ఒప్పుకోవాల్సి ఉండేది. జతకలిపేవాడు దేవుడు, చూసి నిర్ధారించేది సమాజం. కాబట్టి బయటి పాస్టరు దగ్గరికి వెళ్లి చేసుకున్న పెళ్లి వాళ్ల లెక్కలో ఇద్దరి సొంత వ్యవహారం కాదు, సభ నమ్మకాన్నే తోసిపుచ్చడం.

స్క్వయర్ తండ్రి జార్జి ఇలాంటి తప్పుకే 1720లో సభ ముందు నిలబడ్డాడు. కూతురితో ఒక యువకుడి పరిచయాన్ని కట్టుబాటుకు విరుద్ధంగా తొందరపడి ఒప్పుకున్నానని చెప్పుకున్నాడు. 1742లో స్క్వయర్ వంతు వచ్చింది. పెద్దకూతురు సారా క్వేకరు కాని వాణ్ణి పెళ్లాడింది, అప్పటికే గర్భవతి. స్క్వయర్ తన తప్పు ఒప్పుకున్నాడు. వాళ్ల చనువు తనకు కొంత తెలుసనీ, ఏం చేయాలో పాలుపోలేదనీ సభకు విన్నవించుకున్నాడు. కూతుర్ని చూస్తూ సభకు జవాబు చెప్పాల్సిన తండ్రి అవస్థ అది.

అయిదేళ్లకు ఇజ్రాయెల్ వంతు. ఈసారి స్క్వయర్ తలవంచలేదు. కొడుకును వెనకేసుకొచ్చాడు, సభ మీద ఆక్షేపణ మాటలూ అన్నాడు. 1748లో ఆయన్ను సభ్యత్వం నుంచి తొలగించారు. అది నిప్పూ నీళ్లూ బందుచేసే వెలి కాదు. ఆదివారం ప్రార్థనకు వెళ్లవచ్చు, పశ్చాత్తాపం రాసిస్తే తిరిగి చేరవచ్చు. ఆయన రాసివ్వలేదు.

స్క్వయర్‌, సభ: ఈ ఇద్దరిలో ఎవరిది న్యాయం? ఎదిగిన కొడుకు తన మనసుకు తోచినట్టు చేసుకున్న పెళ్లికి తండ్రి క్షమాపణ చెప్పడంలో అర్థం లేదు. ప్రతి మనిషిలోనూ వెలుగుందన్న మతం ఆ వెలుగు ఇజ్రాయెల్‌లో ఎందుకు లేదంటుంది? ఈ విషయంలో స్క్వయర్ చేసిందే సరి. కానీ సభ దగ్గరా గట్టి వాదమే ఉంది: ఒంటరి మనిషికి తన కోరికే దైవవాణిలా వినిపించవచ్చు, అందుకే పదిమంది మధ్య పరీక్షించుకోవాలి. ఈ వాదాన్ని చాదస్తమని తీసిపారేయలేం.

భార్య సారా సభను వదల్లేదు. భర్త లేకుండానే పిల్లల్ని ప్రార్థనకు తీసుకెళ్లింది. 1750లో కుటుంబం దక్షిణానికి కదిలినప్పుడు, తనకూ పిల్లలకూ సభ నుంచి బదిలీ పత్రం తీసుకుంది. ఒకే కప్పు కింద తొలగించినవాడూ, తొలగించిన సభ మనిషీ కలిసి బతికారు. ఆ ఇంటి గురించి ఆలోచిస్తే ఆమె ఓర్పే ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది.

వాళ్లు ఉత్తర కరొలైనాలోని యాడ్కిన్ లోయలో కుదురుకున్నారు. ఆ వలసకు పరాభవం ఒక్కటే కారణం కాదు. ఎదిగే కొడుకులకు భూమి కావాలి, అక్కడ అది దండిగా దొరికింది. స్క్వయర్ అక్కడ స్థానిక మేజిస్ట్రేటు అయ్యాడు. 1756లో డేనియల్, రెబెకా బ్రయన్‌ల పెళ్లి ఆయనే జరిపించాడు. పిల్లల పెళ్లిళ్ల వల్ల సభను పోగొట్టుకున్న మనిషి కొడుకు పెళ్లికి తానే పెద్ద అయ్యాడు. ఇజ్రాయెల్ అదే ఏడు క్షయతో పోయాడు. ఏ పెళ్లి కోసం తండ్రి మాట పడ్డాడో ఆ పెళ్లికి పుట్టిన ఇద్దరు మగపిల్లల్ని డేనియల్ దంపతులు చేరదీసి పెంచారు.

ఇక్కడితో ఆపితే కథ కుటుంబ ప్రేమ వైపే మొగ్గుతుంది. కానీ 1758లో ఫిలడెల్ఫియా క్వేకర్ల వార్షికసభ బానిసలను కొనడాన్నీ అమ్మడాన్నీ ఖండించింది. 1776లో బానిసలను విడిచిపెట్టని సభ్యులను తొలగించమంది. స్క్వయర్ మీద వాడిన పనిముట్టే అది. నీ ఇంట్లో జరిగేది మాకూ సంబంధించిందే అనే హక్కు లేని సమాజం ఆ పని చేయలేదు. ఆ హక్కు పెళ్లిలో క్రూరంగా పనిచేసింది, ఇక్కడ మనుషుల్ని విడిపించింది. 1787 నాటి పన్ను పత్రాల్లో డేనియల్ బూన్ పేరు మీద ఏడుగురు బానిసలున్నారు.

డేనియల్ పెద్దయ్యాక ఏ చర్చిలోనూ చేరలేదు. 1816లో, ఎనభయ్యొకటో ఏట, వదిన వరసయ్యే బంధువుకు రాసిన ఉత్తరంలో తన మతం చెప్పుకున్నాడు: దేవుణ్ణి ప్రేమించి భయపడటం, క్రీస్తును నమ్మటం, పొరుగువారికి చేతనైన మేలు చేయటం, వీలైనంత తక్కువ హాని చేయటం. ఆ మాటల నిజాయితీని శంకించనక్కర్లేదు. పొరుగువారిలో ఆ ఏడుగురున్నారా అని ఎదురుగా కూర్చుని అడిగే నెలసభ మాత్రం ఆయనకు లేదు.