నా పాస్‌బుక్కుకున్న పరువు

మా నవాబుపేట దిక్కు ఎవరైనా జామీనుకు రమ్మంటే నాకు లోలోపల సంతోషమే. పైకి మాత్రం "చూద్దాం తియ్" అంటాను. మనిషిని రెండుసార్లు తిప్పించుకున్నాకగానీ పట్టాదారు పాస్‌బుక్కు బయటికి తీయను. ఎందుకిలా చేస్తానని నన్ను నేనే నిలదీసుకున్నాను.

భయమనుకున్నాను మొదట. భయపడాల్సిన సంగతే. ముద్దాయి వాయిదాకు రాకపోతే బాండులో రాసిన సొమ్ము జామీనుదారు కట్టాలి. కట్టక, వసూలూ కాకపోతే ఆరు నెలల దాకా సివిల్ జైలు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 491వ సెక్షన్ అది. పాత చట్టంలోనూ ఇదే మాట. అయితే భయంకన్నా నాలో ఎక్కువున్నది దర్జా. కోర్టులో నా కాగితాలు తిరగేసి సర్వే నంబరు చూసి తల ఊపుతారే, అప్పుడు నా మాటకు సర్కారు విలువ కట్టినట్టుంటుంది. ఆ విలువంతా కందిచేనుది. నాకన్నా మాటమీద నిలబడే కూలీలు ఊళ్లో ఎందరో ఉన్నారు. గుంటెడు భూమి లేదు గనక వాళ్ల పూచీని అడిగేవాళ్లు లేరు.

భూమి ఉన్నా ఒక్కోసారి పూచీ చెల్లదు. 1978లో సుప్రీంకోర్టుకు మోతీరాం అనే తాపీమేస్త్రీ కేసు వచ్చింది. మధ్యప్రదేశ్‌లో మేజిస్ట్రేటు పదివేలకు జామీను అడిగారు. సోదరుడు ముందుకొస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ పద్ధతిని తప్పుబట్టి, వెయ్యి రూపాయల సొంత బాండుమీద వదలమన్నారు. తెలుగువాడు బస్తర్‌లోనో పోర్ట్‌బ్లెయిర్‌లోనో అరెస్టయితే ఏం చేయాలని కూడా అడిగారు.

ఆ ప్రశ్న నాకు తాండూరులో తగులుతుంది. అక్కడి నాపరాళ్ల గనుల్లో, పాలిష్ యూనిట్లలో పొట్టకూటికి వచ్చిన బయటి రాష్ట్రాలవాళ్లున్నారు. వాళ్లలో ఎవరికైనా జామీను కావాలని మేస్త్రీ కబురుపెడితే నా నోట వచ్చే మొదటి మాట "ఏ ఊరోడు?" ఏం కేసన్నది ఆ తర్వాత. ఆ మేజిస్ట్రేటును తప్పుపట్టే అర్హత నాకెక్కడిది? కోర్టుల అనుమానమూ ఉత్తది కాదు, డబ్బుకు జామీనిచ్చేవాళ్లు ఉంటారు. అందుకే ఇదివరకు ఎంతమందికి పూచీ ఉన్నావో చెప్పమని అదే సంహిత 486వ సెక్షన్ అడుగుతుంది. నా ప్రశ్నకు ఆ సాకు కూడా లేదు.

బెయిలబుల్ కేసులో వారంలోపు జామీను తేలేనివాణ్ని నిరుపేదగా లెక్కించి సొంత బాండుమీద వదలాలని 478వ సెక్షన్ చెబుతోంది. బెయిలు వచ్చి నెలైనా బాండ్లు ఇవ్వలేకపోతే, షరతులు సడలించే సంగతి కోర్టు తనంతట తానే చూడవచ్చని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు అంది. స్థానిక జామీనుకు పట్టుబట్టడం విడుదల ఆలస్యానికొక కారణమనీ గుర్తించింది. మీ గుమ్మానికి ఎవరైనా జామీనుకోసం వస్తే, పాస్‌బుక్కు తీసినా తీయకున్నా ఈ మాటలు చెప్పండి. న్యాయసేవల హెల్ప్‌లైన్ నంబరు 15100 రాసివ్వండి.