ఆ టేపులో నాలుగోవాడు

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందన్న మాట మీద నాకు నమ్మకం సడలింది. సడలించినవి బీటిల్స్ బృందం తొలినాటి టేపులు.

1960లో లివర్‌పూల్‌లో, ఫోర్త్‌లిన్ రోడ్డు 20వ నంబరు ఇంట్లో, అంటే పాల్ మెకార్ట్‌నీ వాళ్ళింట్లో, గ్రుండిగ్ టేప్ రికార్డర్ ముందు కూర్చుని కుర్రాళ్ళు వాయించుకున్నవి. జాన్, పాల్, జార్జ్‌ల చేతుల్లో గిటార్లు, స్టువర్ట్ సట్‌క్లిఫ్ చేతిలో బేస్. డ్రమ్మర్ లేడు. వాటిలో మూడు పాటలు 1995లో ‘ఆంథాలజీ 1’ ఆల్బంలో వచ్చాయి. మిగిలిన వాటిలో చాలా మటుకు ఎటూ తేలకుండా నిమిషాల తరబడి సాగే గిటార్ వాయింపులే.

అయినా వింటుంటే ఒళ్ళు పులకరిస్తుంది. ఆ పులకరింత పాట వల్లా, పేరు వల్లా? ఈ సందేహమే నన్ను తొలుస్తోంది.

ఓసారి ఎవరివో చెప్పకుండా మా బావకి వినిపించాను. కాసేపు ఓపిక పట్టి, “ఆపరా, తాళమన్నా సరిగా లేదు” అన్నాడు. ఎవరో చెప్పాను. “ఏదీ, మళ్ళీ పెట్టు” అన్నాడు. ఈసారి కళ్ళు మూసుకుని తల ఊపుతూ విన్నాడు. అందులో నటనేమీ లేదు. బావకి నిజంగానే ఏదో వినిపించింది. అయితే ఆ టేపుల్లో మనం ప్రతిభ అనుకునేదంతా తర్వాతి కథని తెచ్చి అందులో పోసుకున్నదేనా?

అలా తేల్చేద్దామంటే ‘వన్ ఆఫ్టర్ 909’ అడ్డొస్తుంది. ఈ టేపుల్లో ఉన్న ఆ పాటనే 1969 జనవరి 30న లండన్‌లో మేడ మీద పాడారు. 1964లో రికార్డయిన ‘ఐల్ ఫాలో ద సన్’ కూడా అంతకుముందు ఈ ఇంట్లో పాడుకున్నదే. అన్నేళ్ళు వదలకుండా ఉంచుకున్నారంటే వాటిలో ఏదో ఉందని వాళ్ళకి తెలిసే ఉండాలి.

మరి స్టువర్ట్? చిత్రకళ చదివినవాడు. 1961లో బృందాన్ని వదిలి, బొమ్మలు వేసుకుంటూ హాంబర్గ్‌లో ఉండిపోయాడు. 1962 ఏప్రిల్ 10న మెదడులో రక్తస్రావమై 21 ఏళ్ళకే పోయాడు. టేపు విలువంతా రాబోయే కీర్తిలోనే ఉందంటే, అతని బేస్ అందులో వట్టి పొల్లు. ఈ లెక్క నాకు మింగుడు పడదు. ఎవరు పైకొస్తారో, ఎవరు మధ్యలో పోతారో ఆ యంత్రం ఎంచలేదు. ఎంచుతున్నది మనం.

కీర్తి రాకపోతే ఆ టేపు నా దాకా వచ్చేది కాదు, నిజమే. దాన్ని బతికించినందుకు కీర్తికి రుణపడి ఉంటాను. అంతమాత్రాన అందులో ఏది వినాలో చెప్పే హక్కు కీర్తికి ఇవ్వను. సభ లేదు, టికెట్టు లేదు. పాట కుదరకపోయినా ఒకరినొకరు వదలకుండా అంతసేపు వాయించారు. ఆ పూటకి వాళ్ళ సంగీతం అదే, దేనికో సన్నాహం కాదు. స్టువర్ట్ బేస్ పట్టుకున్న ప్రతి పాటలోనూ అతని వాటా నిండుగా నాలుగో వంతు.