కలకత్తాలో క్రైస్తవమతము: మనము నేర్వవలసినది

ఒక మతముయొక్క సత్త్వము, కొలదిమంది మాత్రమే దాని నవలంబించిన చోటనే చక్కగా తెలియును. అటులనే అధికసంఖ్యాకుల ధర్మబుద్ధి, తమ్ము వీడిపోయిన యొక్కనిపట్ల వారు చూపు నడవడియందే బయల్పడును. ఈ రెండింటికిని కలకత్తా నగరచరిత్ర నిదర్శనము. 2011వ సంవత్సరపు జనాభాలెక్కల ప్రకారము ఆ మహానగరమున క్రైస్తవులు నూటి కొక్కరికంటెను తక్కువ. అయినను వారి చరిత్ర మూడు శతాబ్దములకు మించినది.

అది యాంగ్లేయుల చరిత్ర మాత్రమే యని పలువురు తలంతురు. కాని నేడచ్చట నిలిచియున్న చర్చిలలో మిగుల ప్రాచీనమైనది, బడాబజారు చెంత 1724లో అర్మీనియనులు కట్టుకొన్నది. వారు రాజ్యము కోరక, వ్యాపారము చేసికొనుచు, తమ ప్రార్థన తాము సలుపుకొనుచు బ్రతికిరి. 1787లో వెలసిన సెయింట్ జాన్ చర్చికి స్థలమిచ్చినవాడు శోభాబజారు ప్రభువగు రాజా నవకృష్ణదేవుడు, ఆయన హిందువు.

పాలకులు క్రైస్తవులగుటచే మతప్రచారమునకు మొదటినుండియు తోడ్పడిరనుటయు సరికాదు. వర్తకమునకు భంగము కలుగునను భయమున కంపెనీవారు పాదరీలను తమ సీమలో స్వేచ్ఛగా మెలగనీయలేదు. అందుచేతనే విలియం కేరీ ప్రభృతులు 1800లో డేనుల యధీనమందుండిన శ్రీరామపురము నాశ్రయించిరి. 1813 నాటి చార్టరు చట్టముతోగాని వారికి ద్వారము తెరువబడలేదు.

1820లో రామమోహనరాయలు క్రీస్తు నీతిబోధలను మహిమలనుండి వేరుచేసి ప్రకటింపగా, ఆ శ్రీరామపురపు పాదరీలే ఆయనను తీవ్రముగా ఖండించిరి. ఆయన యుక్తితో బదులు చెప్పెనుగాని పగ పూనలేదు. 1830లో అలెగ్జాండర్ డఫ్ అను యువ పాదరీ పాఠశాల పెట్టనెంచగా, అంతకుముందు బ్రహ్మసభ కూడుచుండిన చిత్పూరు వీధిలోని గృహమునే ఆయన కిప్పించెను. తొలినాడు బైబిలు చదువ జంకిన బాలురతో, తాను దానిని సంపూర్ణముగా చదివియు క్రైస్తవుడను కాలేదని చెప్పి ధైర్యము గరపెను.

ఆ నగరముననే కృష్ణమోహన వంద్యోపాధ్యాయుడు, మిత్రులు చేసిన యల్లరికి ఫలముగా 1831లో ఇల్లు విడువవలసివచ్చెను, మరుసటియేట క్రైస్తవుడయ్యెను. 1843లో మధుసూదనదత్తు క్రైస్తవదీక్ష గైకొనగా హిందూ కళాశాలలో అతనికి చోటు లేకపోయెను. 1848లో అతడు చెన్నపురికి వచ్చి యుపాధ్యాయుడై పొట్టపోసికొనెను. ఆ వెలివడినవాడే పిమ్మట వంగభాషకు మహాకవి యయ్యెను! మతము మార్చుకొన్నవాడు పిత్రార్జితమును కోల్పోరాదని 1850లో చట్టము చేయవలసివచ్చెను. హృదయమునందు న్యాయము కొరవడినప్పుడు గదా చట్టమును వెదకుట!

పాదరీలయందును దోషము లేకపోలేదు. పొరుగువాని విశ్వాసమంతయు చీకటియే యని పలికిన నోటికి చెవియొగ్గువా రరుదు. మాటకు తెరువబడని తలుపులు సేవకు తెరువబడును. 1952లో మదర్ థెరిసా, కాళీఘట్టమున అమ్మవారి గుడి ప్రక్కనే, నగరపాలకులొసగిన యాత్రికుల సత్రమున, మరణాసన్నులగు దిక్కులేనివారికి శరణాలయము నెలకొల్పెను. మొదట కొంద రడ్డు చెప్పినను అది నిలిచెను.

సోదరులారా, పరులను విచారించితిమి. ఇక మనలను విచారించుకొందము. మన యింటి బిడ్డ రేపు మరియొక మార్గమున దేవుని వెదకబోయినచో, పంక్తిలోనుండి వాని విస్తరి తీసివేయుదుమా? మనకంటె కొలదిమందియైన వారు మన వీధిలో ప్రార్థనకు చోటడిగినచో, ఇల్లు ఖాళీ లేదందుమా? రామమోహనుని నామము స్మరించుట సులభము. తన్ను ఖండించినవారి మతస్థునకు ఆయనవలె చోటు చూపుట కష్టము. ఆ కష్టమైన దానినే చేయగల బుద్ధిని సర్వేశ్వరుడు మనకు ప్రసాదించుగాక.