ఎవరి పోలికా లేని దెయ్యం

విఠలాచార్య సినిమాల మీద అభిప్రాయం అడిగితే మా తరంలో దాదాపు అందరూ ముందు నవ్వుతారు, తర్వాత మాట్లాడతారు. ‘జగన్మోహిని’లో దెయ్యం కట్టెలకు బదులు తన కాళ్లే పొయ్యిలో పెట్టి వంట చేసే సీన్, సినిమా మొత్తం చూడనివాళ్లకు కూడా తెలుసు. 1978 నాటి సినిమా. నరసింహరాజు, ప్రభ, జయమాలిని. ఇవాళ అది మీమ్ అయి కూర్చుంది.

నవ్వడంలో తప్పేం లేదు. అమెరికాలో ఎడ్ వుడ్ తీసిన ‘ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్’ని 1980లో ఒక పుస్తకం అన్నికాలాల్లోకీ చెత్త సినిమా అని తేల్చింది. ఆ బిరుదు వల్లే దానికి కొత్త అభిమానులు పుట్టారు. కాకపోతే విఠలాచార్యకు ఆ అవసరం రాలేదు. ఆయన సినిమాలు వచ్చినప్పుడే జనం టికెట్ కొని చూశారు. డబ్బు విషయంలో ఆయన గట్టి మనిషని, ఆర్టిస్టు డేట్లు దొరక్కపోతే ఆ పాత్రను శాపం పెట్టి మేకనో చిలకనో చేసి షూటింగ్ నడిపించేవాడని చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, ఆ సినిమాల్లో మనిషి మృగం కావడం నిజంగానే అంత సులువు. శాపం తీరితే మళ్లీ మనిషే.

మొన్న దసరాకి తంగళ్ళపల్లిలో అమ్మమ్మ వాళ్లింట్లో ‘జగన్మోహిని’ పెట్టుకున్నాం. మా చిన్నమ్మ కొడుకు బద్దెనపల్లి టెక్స్‌టైల్ పార్కులో పనిచేస్తాడు. సినిమాలు నాకంటే ఎక్కువ చూస్తాడు. సగంలోనే తీర్పు చెప్పేశాడు: “గ్రాఫిక్స్ గింత అధ్వానంగ ఉంటే భయమెట్లైతదన్నా? పొలిమేర చూడు. అచ్చం మనూర్ల జరిగినట్టే ఉంటది.”

అమ్మమ్మ మానేరు బ్రిడ్జి దాటి సిరిసిల్లలో ఇలాంటి సినిమాలు బోలెడు చూసిన మనిషి. ఆమె అన్నది వేరే: “అసొంటిది మనూర్ల ఏడుందిరా? గందుకే సూసినం, భయపడ్డం, నవ్వినం, ఇంటికొచ్చి పండుకున్నం.”

ఇద్దరూ ఒకే విషయం చెప్పారు. వాడు దాన్ని లోపమన్నాడు, ఆమె సుగుణమంది. ఆ దెయ్యానికి మన ఊళ్లో ఎవరి పోలికా లేదు.

‘మా ఊరి పొలిమేర’ 2021 డిసెంబర్‌లో నేరుగా హాట్‌స్టార్‌లో వచ్చింది. పెద్ద హీరో లేడు, పెద్ద బడ్జెట్ లేదు. నోటి మాట మీద నడిచి కల్ట్ అయింది, 2023లో రెండో భాగం థియేటర్లకు వచ్చింది. (చూడనివాళ్లు ఈ పేరా వదిలేయండి.) సత్యం రాజేష్ వేసిన కొమిరి ఆటో నడుపుకునే మామూలు మనిషి. ఊళ్లో చావులు, చేతబడి అనుమానాలు. చివరికి ఆ అనుమానమే నిజమవుతుంది. నాకు సినిమా నచ్చింది. సత్యం రాజేష్‌ని కమెడియన్‌గా మాత్రమే తెలిసినవాళ్లకు అది మంచి దెబ్బ. అందరూ మెచ్చుకున్న మాట కూడా ఒకటే: రియలిస్టిక్‌గా ఉంది.

ఆ ‘రియలిస్టిక్’ అనే మాట దగ్గరే నేను ఆగిపోయాను. యాస, మట్టిగోడలు, మూడుబాటల కాడ నిమ్మకాయలు, పసుపు కుంకుమ, ఇవన్నీ నిజమైనవే. కానీ వాటి వెంట ఇంకొకటి కూడా నిజమైపోయి లోపలికి వస్తుంది: ఊరు ఎవర్నైనా అనుమానించిందంటే ఏదో ఉండే ఉంటుంది, అన్నది. కెమెరా ఎంత బాగుంటే అది అంత నమ్మకంగా వస్తుంది.

మా పక్క జిల్లా జగిత్యాల పట్టణంలో 2022 జనవరిలో ఒక తండ్రినీ, ఆయన ఇద్దరు కొడుకుల్నీ కుల సంఘం సమావేశంలో పొడిచి చంపారు. మంత్రాలు చేస్తున్నాడని అనుమానం. అంతే. అక్కడ ట్విస్ట్ లేదు. ఆ అనుమానం నిజమా కాదా అని చూసిపెట్టే రెండో సగం ఉండదు. చంపినవాళ్ల దృష్టిలో వాళ్లు దెయ్యాన్నే చంపారు.

దీన్ని సినిమా మీదికి తోసేయడం నా ఉద్దేశం కాదు. సినిమా పుట్టకముందే చేతబడి పేరుతో మనుషుల్ని కొట్టారు, పళ్లు రాలగొట్టారు, చంపారు. జబ్బేమిటో తెలియకపోవడం, పొలం గట్టు తగాదా, పక్కింటివాడు బాగుపడ్డాడన్న కడుపుమంట, వీటిలో దేనికీ సినిమా అక్కర్లేదు. పోనీ కళాకారుడు బాధ్యతగా ఉండాలి అని అంటామా? ఆ మాటతో మొదలైన వాదనలు సెన్సారు ఆఫీసు గుమ్మం దగ్గర ఆగుతాయి. నాకు అటు పోవాలని లేదు.

నా ప్రశ్న చూసేవాళ్ల గురించి. మా వాడకట్టులో ఒంటరిగా ఉండే ఒక ముసలామె చేతి నుంచి పిల్లలెవరూ ఏమీ తీసుకోరు. కారణం ఎవరూ చెప్పరు. హారర్ సినిమా చూస్తున్నప్పుడు ఆమెలాంటి మనిషి తెర మీద కనిపిస్తే మనం ఏం కోరుకుంటాం? ఆమె మంత్రగత్తె అని తేలాలనే కోరుకుంటాం. తేలకపోతే మోసం చేశారంటాం, క్లైమాక్స్ తేలిపోయింది అని రాస్తాం. రెండున్నర గంటల సేపు మనం టికెట్ కొనుక్కున్నది అనుమానం ఫలించడాన్ని. ఆ కోరిక సినిమా అయిపోగానే స్విచ్ తీసినట్టు ఆరిపోతుందని చెప్పగలిగేవాళ్లను నేను నమ్మను. ఆరిపోదని రుజువు చేయడం కూడా నా వల్ల కాదు.

విఠలాచార్య అట్టముక్కల దెయ్యం ఈ బేరం నుంచి తప్పించుకుంది, పుణ్యం కోసమేమీ కాదు, డబ్బుల్లేక. అస్థిపంజరం అస్థిపంజరంలానే ఉంది. కోరలు పెట్టుడు కోరల్లానే ఉన్నాయి. ఆ సినిమా చూసొచ్చి పక్కింటామె వైపు అదోలా చూడటం కష్టం. కాళ్లు పొయ్యిలో పెట్టుకుని వంట చేసేవాళ్లు ఎవరికి తెలుసు? పేదరికం ఇచ్చిన ఈ దూరాన్ని మనం ‘నాసిరకం’ అన్నాం, అది పోగానే ‘క్వాలిటీ’ అన్నాం.

మా తమ్ముడిని అడిగాను, చేతబడి అని ఊరంతా నమ్మిన మనిషి చివరికి ఏమీ కాదు, ఉత్త మనిషే అని తేలే సినిమా వస్తే చూస్తావా అని. కాసేపు ఆలోచించాడు. “డాక్యుమెంటరీ లెక్కుంటదన్నా,” అన్నాడు. తర్వాత తనే, “మంచిగ తీస్తే భయమైతది. ఊరును చూస్తే భయమైతది,” అన్నాడు.

అలాంటి సినిమాకి గ్రాఫిక్స్ ఖర్చు కూడా ఉండదు. దెయ్యం వేషం ఎవరికీ వేయక్కర్లేదు. కష్టమంతా మనల్ని ఆ గుంపులో నిలబెట్టి, మన చేతనే ‘కొట్టండి’ అనిపించి, చివర్లో ఖాళీ ఇల్లు చూపించడంలో ఉంటుంది. థియేటర్ బయట మైకు పెడితే “బోర్, ట్విస్ట్ లేదు” అనేవాళ్లే ఎక్కువుంటారని నా అనుమానం. మా తమ్ముడు మాత్రం రెండు టికెట్లు తీసుకొమ్మన్నాడు.